25 రోజులు ఎందుకో ముందే చెప్పండి: రేడియేషన్ డాక్టర్లకు బహిరంగ లేఖ

రొమ్ము క్యాన్సర్‌కి రేడియేషన్ ఇచ్చే డాక్టర్లందరికీ, ఆ విభాగాలు నడిపే ఆసుపత్రుల వాళ్ళకీ నమస్కారం.

నేను డాక్టర్ని కాదు, నర్సుని కూడా కాదు. మా అక్కకి తోడుగా వెళ్ళినదాన్ని. గడ్డ వరకే తీసి రొమ్మును ఉంచే ఆపరేషన్ జరిగింది తనకి. గాయం మానాక 25 సిట్టింగులు, ఆ తర్వాత బూస్ట్ అని, గడ్డ ఉన్న చోటికి అదనంగా ఇంకో 5, మొత్తం 30. శని ఆదివారాలు ఉండదు కాబట్టి ఆరు వారాలు, మధ్యలో మెషిన్ ఆగిపోయిన రెండు రోజులు కలిపితే ఏడో వారంలోకి వెళ్ళింది. బల్ల మీద పడుకున్నాక లోపల జరిగే పని పది పదిహేను నిమిషాలే. కానీ ఆ పదిహేను నిమిషాల కోసం వెళ్ళడం, కూర్చోవడం, మళ్ళీ రావడం, అంతా కలిపి రోజూ సగం రోజు పోయేది. రేడియేషన్ ఎక్కడ పడాలో గుర్తుగా చర్మం మీద గీసిన గీతలు చెరిగిపోతే మళ్ళీ మొదటికొస్తుందేమోనని భయపడి భయపడి స్నానం చేసేది. నాలుగో వారం నుంచి రొమ్ము కింద ముడతలో చర్మం ఎర్రబడి ఊడిపోయింది. జలుబు చేసినా, ఇంట్లో ఎవరికి బాగోలేకపోయినా సిట్టింగ్ మాత్రం మానకూడదు. ఇవన్నీ తను ఓర్చుకుంది. ఫిర్యాదు వాటి గురించి కాదు.

అన్నీ అయిపోయిన నాలుగు నెలలకి చెకప్‌కి వెళ్ళాం. బయట కుర్చీల్లో మా పక్కన ఒకావిడ కూర్చుంది, ఇంచుమించు అక్క వయసే, అదే ఆపరేషన్. మాటల్లో తనకి వేరే చోట 15 సిట్టింగులతో అయిపోయిందని చెప్పింది. అక్క అప్పుడేమీ అనలేదు. ఇంటికొచ్చాక నన్ను కూర్చోబెట్టి, "అయితే నాది ముదిరిపోయిందా? నీకు చెప్పారు, నువ్వు నాకు చెప్పలేదు, అంతేనా?" అని అడిగింది. నేను ఎంత చెప్పినా ఆ రాత్రి నమ్మలేదు. ఇంకో విషయం కూడా చెప్పాలి. ఆ కుర్చీల్లోనే ఆవిడ నన్ను పక్కకి పిలిచి, "మీ అక్కకి 30 ఇచ్చారు కదా, నాకు సగమే ఇచ్చి వదిలేశారా?" అని అడిగింది. ఒకే రోగం, ఒకే ఆపరేషన్. ఎక్కువ రోజులు తీసుకున్నావిడ జబ్బు ముదిరిందని భయపడింది, తక్కువ రోజులు తీసుకున్నావిడ వైద్యం చాల్లేదని భయపడింది. ఇద్దరికీ డాక్టర్లు ఎన్ని రోజులో చెప్పారు, ఎందుకన్ని రోజులో చెప్పలేదు.

ఆ తర్వాత నేను చదవడం మొదలుపెట్టాను. చదివే కొద్దీ బాధ ఎక్కువైంది, ఎందుకంటే ఇది నిన్నో మొన్నో వచ్చిన కొత్త ప్రయోగం కాదు.

1993 నుంచి 1996 వరకు కెనడాలో 1,234 మంది ఆడవాళ్ళని రెండు గుంపులు చేసి చూశారు. ఒక గుంపుకి మామూలుగా ఇచ్చే 50 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదుకి కొలత), 25 సిట్టింగుల్లో, ఐదు వారాలు. ఇంకో గుంపుకి 42.5 గ్రే, 16 సిట్టింగుల్లో, మూడు వారాల్లో. పదేళ్ళు ఆగి లెక్క చూసి 2010లో ప్రచురించారు. అదే రొమ్ములో క్యాన్సర్ తిరిగి వచ్చింది ఐదు వారాల వాళ్ళలో 6.7 శాతం మందికి, మూడు వారాల వాళ్ళలో 6.2 శాతం మందికి. రొమ్ము రూపం చూడ్డానికి బాగానే ఉందన్నవాళ్ళ సంఖ్య కూడా దాదాపు సమానం. బ్రిటన్‌లో స్టార్ట్ బీ అనే పరీక్షలో 2,215 మందితో 25 సిట్టింగుల 50 గ్రేని, 15 సిట్టింగుల 40 గ్రేతో పోల్చారు. పదేళ్ళ తర్వాత రొమ్ములో గానీ చంకలో గానీ తిరిగి వచ్చింది 5.5 శాతానికి, 4.3 శాతానికి. ఆ 4.3 మూడు వారాల వాళ్ళది. పైగా రొమ్ము కుంచించుకుపోవడం, చర్మం మీద సన్నటి ఎర్రటి రక్తనాళాలు తేలడం లాంటివి మూడు వారాల వాళ్ళకే తక్కువ. 2009లోనే బ్రిటన్ తమ దేశంలో 15 సిట్టింగులే మామూలు పద్ధతి అని మార్గదర్శకాల్లో రాసుకుంది. అమెరికాలో రేడియేషన్ డాక్టర్ల సంఘం 2011లో తక్కువ రోజుల పద్ధతి కొందరికే అని చెప్పి, 2018లో ఆ హద్దులు తీసేసింది. రొమ్ము మొత్తానికి రేడియేషన్ ఇచ్చేటప్పుడు వయసు ఎంతైనా, కీమో తీసుకున్నా తీసుకోకపోయినా, ఎడమ అయినా కుడి అయినా తక్కువ రోజుల పద్ధతికే మొదటి చోటు ఇవ్వమంది.

ఇవన్నీ మీకు తెలుసు. మీరు చదువుకున్నవే, మీ సమావేశాల్లో మీరు వినేవే. నాకు అర్థం కానిది తెలిశాక కూడా ఎందుకు ఇంత ఆలస్యం అన్నదే. అమెరికాలో బీమా రికార్డులు తీసి చూసిన ఒక అధ్యయనం 2014లో వచ్చింది. తక్కువ రోజుల పద్ధతికి మార్గదర్శకాల ప్రకారం సరిగ్గా సరిపోయే ఆడవాళ్ళలో కూడా 2013లో అది అందింది 34.5 శాతం మందికే. అంటే పదేళ్ళ ఫలితం బయటికొచ్చి మూడేళ్ళయ్యాక కూడా ముగ్గురిలో ఇద్దరు పాత లెక్క ప్రకారమే రోజూ తిరిగారు. నా పక్కన కూర్చున్న అక్క ఆ ఇద్దరిలో ఒకతె లాంటిదే కదా అనిపించింది చదువుతుంటే.

ఇక్కడ మా ఇళ్ళల్లో ఉండే ఒక అపోహ గురించి కూడా నిజాయితీగా ఒప్పుకోవాలి. తక్కువ రోజులంటే తక్కువ వైద్యం అని మాకు అనిపిస్తుంది. రోజుకి ఎక్కువ మోతాదు అంటే కాలిపోతుందేమో అని కూడా అనిపిస్తుంది. ఈ రెండు భయాలూ ఒకేసారి పెట్టుకుని మీ గదిలోకి వస్తాం, అందుకే మీలో కొందరు వీళ్ళతో వాదన ఎందుకులే అని పాత పద్ధతే రాసేస్తుంటారని నాకు అర్థమైంది. కానీ మాకు అర్థమయ్యేలా చెప్పడం నిజంగా అంత కష్టమా? నేను అర్థం చేసుకున్నది ఇదీ, తప్పుంటే దిద్దండి. రేడియేషన్ కణంలోని డీఎన్ఏని దెబ్బతీస్తుంది. మంచి కణాలు ఒక సిట్టింగ్‌కీ ఇంకో సిట్టింగ్‌కీ మధ్య ఆ దెబ్బని బాగుచేసుకుంటాయి, క్యాన్సర్ కణాలకి ఆ పని అంత బాగా చేతకాదు. అందుకని చిన్న చిన్న మోతాదుల్లో, ఎక్కువ రోజులు ఇస్తే మంచి కణాలకి మేలు అని చాలా కాలం అనుకున్నారు. చాలా రకాల క్యాన్సర్లకి అది నిజమే. కానీ రొమ్ము క్యాన్సర్ కణాలు రోజువారీ మోతాదు పెరిగితే ఎంత దెబ్బతింటాయో చూస్తే, చుట్టూ ఉన్న మామూలు కణజాలానికీ వాటికీ పెద్ద తేడా లేదని తేలింది. తేడా లేనప్పుడు చిన్న ముక్కలు చేసి లాగడం వల్ల కలిసొచ్చేదేమీ లేదు. రోజు మోతాదు 2 గ్రే నుంచి 2.67 గ్రేకి పెంచి, మొత్తాన్ని 50 నుంచి 40కి తగ్గిస్తే క్యాన్సర్ మీద దెబ్బ అంతే పడుతుంది. 50 కంటే 40 చిన్న అంకె కాబట్టి తక్కువ మందు అనుకోవడం మా పొరపాటు. అదే నాలుగు ముక్కల్లో చెబితే మేం వింటాం. కాలిపోవడం గురించైతే, పోల్చి చూసిన చోట్ల చర్మం ఊడడం, నీరసం తక్కువ రోజుల వాళ్ళకే తక్కువగా ఉన్నాయి. ఈ ఒక్క మాట అక్కకి ముందే ఎవరైనా చెప్పి ఉంటే, నేనే దగ్గరుండి 15 చాలు అని అడిగించేదాన్ని.

ఐదు రోజుల పద్ధతి దగ్గరికి వస్తే నేనూ కొంచెం జాగ్రత్తగానే మాట్లాడతాను. ఫాస్ట్ ఫార్వర్డ్ అని బ్రిటన్‌లో 97 ఆసుపత్రుల్లో 4,096 మందితో చేశారు, 2011 నుంచి 2014 వరకు చేర్చుకున్నారు, ఐదేళ్ళ ఫలితాలు 2020 ఏప్రిల్‌లో వచ్చాయి. 15 సిట్టింగుల్లో 40 గ్రే ఒక గుంపుకి, వారంలో 5 సిట్టింగులతో 27 గ్రే ఇంకో గుంపుకి, అదే 5 సిట్టింగులతో 26 గ్రే మూడో గుంపుకి. అదే రొమ్ములో తిరిగి వచ్చింది వరుసగా 2.1, 1.7, 1.4 శాతం. ఇందులో నన్ను ఆపింది ఆ 27కీ 26కీ మధ్య తేడా. ఒక్క గ్రే. కానీ రొమ్ము గట్టిపడటం, కుంచించుకుపోవడం లాంటి ఇబ్బందులు 27 దగ్గర స్పష్టంగా పెరిగాయి, 26 దగ్గర మూడు వారాల వాళ్ళతో సమానంగా ఉన్నాయి. అంటే రోజులు తగ్గించడం ఎవరికి వాళ్ళు కాగితం మీద భాగహారం చేసుకునే పని కాదు, పరీక్షించి చూసిన లెక్కనే పట్టుకోవాలి. మెషిన్ సరిచూసుకోవడం, ప్లానింగ్, పడుకోబెట్టే తీరు, అన్నీ పక్కాగా ఉన్న చోటే ఐదు రోజులు ఇవ్వాలన్న మాట నేనూ ఒప్పుకుంటాను. కోవిడ్ రోజుల్లో ఆసుపత్రికి రావడమే ప్రమాదమైనప్పుడు చాలామంది డాక్టర్లు ఈ ఐదు రోజుల పద్ధతికి మారారు. బ్రిటన్ మార్గదర్శకాలు 2023లో దీన్నే ముందు పెట్టాయి, లింఫు గ్రంథులకి కూడా రేడియేషన్ ఇవ్వాల్సిన వాళ్ళని మినహాయించి.

లింఫు గ్రంథుల మాట వచ్చింది కాబట్టి. చంకలో గ్రంథులకి జబ్బు పాకిన వాళ్ళకి, రొమ్ము మొత్తం తీసేసిన వాళ్ళకి తక్కువ రోజులు పనికిరాదు అని నాతో ఒకరు గట్టిగా అన్నారు. ఐదు రోజుల గురించి ఆ జాగ్రత్త సరే. మూడు వారాల గురించి అయితే, 2019లో చైనా నుంచి వచ్చిన ఫలితాలున్నాయి. రొమ్ము తీసేశాక, తిరిగి వచ్చే అవకాశం ఎక్కువున్న 820 మందికి ఛాతీ గోడకీ గ్రంథులకీ కలిపి ఇచ్చారు. ఐదేళ్ళలో ఆ ఛాతీ గోడలో గానీ దగ్గరి గ్రంథుల్లో గానీ తిరిగి వచ్చింది 15 సిట్టింగుల వాళ్ళలో 8.3 శాతం, 25 సిట్టింగుల వాళ్ళలో 8.1 శాతం. తీసేసిన రొమ్ము స్థానంలో కొత్తగా అమర్చుకున్న వాళ్ళు, ఇంతకు ముందే అక్కడ రేడియేషన్ తీసుకున్న వాళ్ళు, చర్మం గట్టిపడిపోయే స్క్లెరోడెర్మా లాంటి జబ్బు ఉన్నవాళ్ళు, వీళ్ళ విషయం మీరు ఒక్కొక్కరిని చూసి తేల్చాల్సిందే. ఎడమ రొమ్ము అయితే గుండె గురించి భయం ఉంటుంది, నిజమే, కానీ ఊపిరి బిగబట్టించి గుండెని దూరం జరిపి ఇవ్వడం లాంటి జాగ్రత్తలు 25 రోజులకైనా 5 రోజులకైనా కావాల్సినవే, అది రోజులు పెంచడానికి కారణం కాదు. బూస్ట్ కావాలంటే కూడా చివర్లో ఇంకో వారం తగిలించనక్కర్లేదు. ఆ 15 సిట్టింగుల్లోనే కలిపి ఇవ్వొచ్చని పెద్ద పరీక్షల్లో చూశారు. అక్కకి 30 పడింది 15లో అయిపోయేదేమో అని ఈ ముక్క చదివిన రోజు నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువగా నన్ను వేధించే విషయం. ఆ ఆరు వారాల్లో నేను చూసిన వాళ్ళలో అందరూ ఆరు వారాలు రాలేదు. రోజూ మా కంటే ముందే వచ్చి కూర్చునే ఒకామె రెండు వారాల తర్వాత కనిపించలేదు. ఏమైందని అడిగితే టెక్నీషియన్ "మానేశారండీ" అన్నాడు, అంతే. రోజూ వచ్చి పోయే ఖర్చో, పనిలో సెలవు దొరకకో, చూసుకునే మనిషి లేకో, నాకు తెలీదు. కానీ సగంలో ఆపేసిన రేడియేషన్ వల్ల ఎవరికి లాభం? గడ్డ మాత్రమే తీశాక రేడియేషన్ అసలు ఎందుకు ఇస్తారో మీకు తెలుసు. ఎన్నో పరీక్షల వివరాలు ఒకచోట చేర్చి 2011లో ప్రచురించిన లెక్కలో, రేడియేషన్ లేకపోతే పదేళ్ళలో 35 శాతం మందికి ఏదో ఒక చోట జబ్బు తిరిగి వస్తే, ఇచ్చిన వాళ్ళలో అది 19.3 శాతానికి తగ్గింది. ఆమె ఆ 15 శాతానికి పైగా ఉన్న మేలుని పోగొట్టుకునే దారిలో ఉంది. ఆమెకి 15 రోజులే రాసి ఉంటే మానేసిన రోజుకి మూడింట రెండు వంతులు అయిపోయి ఉండేది.

ఇంకొందరు ఇంకో దారి ఎంచుకుంటారు. రేడియేషన్‌కి ఇన్ని వారాలు రాలేమని, గడ్డ తీస్తే సరిపోయేదానికి రొమ్ము మొత్తం తీయించేసుకుంటారు. దూరం నుంచి వచ్చే వాళ్ళలో ఇది ఎక్కువ. తన ఇష్టంతో, ఆలోచించుకుని అలా తీయించుకునే వాళ్ళని నేనేమీ అనను. కానీ అన్ని వారాలు తిరగడం కుదరదన్న ఒక్క కారణంతో ఒక మనిషి తన ఒంట్లో భాగాన్ని వదులుకుంటే, వారం రోజులు వచ్చిపోతే చాలన్న దారి కూడా ఉందని ఆపరేషన్‌కి ముందే ఆమెకి చెప్పారా లేదా? ఇది రేడియేషన్ డాక్టర్ ఒక్కరి పని కాదు, ఆపరేషన్ చేసే సర్జన్ కూడా మొదటి రోజు మాటల్లోనే చెప్పాలి, ఎందుకంటే రేడియేషన్ డాక్టర్ దగ్గరికి వచ్చేసరికి ఆపరేషన్ అయిపోయి ఉంటుంది.

ఆసుపత్రుల యాజమాన్యాలకి ఒక మాట. సిట్టింగుకి ఇంత అని బిల్లు వేసే చోట రోజులు తగ్గితే రాబడి తగ్గుతుందని నాకు తెలుసు. ఏ డాక్టరూ కావాలని డబ్బు కోసం రోజులు పెంచారని నేను అనడం లేదు, అలా అనే హక్కూ నాకు లేదు. కానీ సరైన పని చేసిన విభాగానికి నష్టం వచ్చేలా లెక్క ఉంటే ఆ లెక్కలోనే లోపం ఉంది. మొత్తం చికిత్సకి కలిపి ఒకే మొత్తం అని పెడితే రోజుల సంఖ్య మీద ఎవరికీ ఏ ఒత్తిడీ ఉండదు. బీమా కంపెనీలూ, పథకాలు నడిపే ప్రభుత్వాలూ చెయ్యాల్సిన మార్పు ఇదే. మీ మెషిన్ వైపు నుంచి చూసినా, 75 సిట్టింగుల సమయంలో 25 లెక్కన అయితే ముగ్గురికే పూర్తవుతుంది, 15 అయితే ఐదుగురికి, 5 అయితే పదిహేను మందికి. బయట మీ వెయిటింగ్ లిస్టులో పేర్లు ఉన్నాయి. ఆపరేషన్ అయ్యి, మెషిన్ ఖాళీ కోసం వారాల తరబడి టెన్షన్ పడుతూ కూర్చున్న ఆడవాళ్ళవి ఆ పేర్లు.

నేను అడిగేది పెద్దదేం కాదు. మూడు వారాలు గానీ అంతకంటే తక్కువ గానీ అన్నది మీ మొదటి మాట కావాలి. పేషెంటే ఎక్కడో చదువుకుని వచ్చి భయపడుతూ అడిగితే అప్పుడు ఒప్పుకునే మాటగా ఉండకూడదు. మీ గదిలో బల్లకి ఇవతల కూర్చున్నప్పుడు మాకు నోరు రాదు డాక్టర్ గారూ. మీరు రాసిందే మాకు వేదం, 25 అంటే 25, ఎందుకని అడిగితే మీకు కోపం వస్తుందేమో, అక్కని సరిగ్గా చూడరేమో అని నేనే ఆరు వారాలు నోరు మూసుకున్నాను. ఎక్కువ రోజులు నిజంగా అవసరమైన వాళ్ళకి ఇవ్వండి, ఎవరూ వద్దనరు. కారణం మాత్రం ఆమెకి అర్థమయ్యే భాషలో చెప్పి, ఫైల్‌లో కూడా ఒక లైను రాయండి. తక్కువ రోజులు ఇచ్చినప్పుడు కూడా అంతే, ఇది సగం వైద్యం కాదమ్మా, పూర్తి వైద్యమే, రోజులు మాత్రం తక్కువ అని చెప్పి పంపండి. లేకపోతే ఆ కుర్చీల్లో పక్కపక్కన కూర్చుని ఒకళ్ళ రోజులు ఒకళ్ళు లెక్కపెట్టుకుని, ఇద్దరూ నిద్ర పట్టక ఇంటికి పోతారు.

అక్క బాగుంది. మందులు వాడుతోంది. జబ్బు ముదిరినందుకు అన్ని సిట్టింగులు ఇవ్వలేదని ఇప్పుడు నమ్ముతోంది. నేను చదివిన కాగితాలన్నీ తనకి చదివి వినిపించాను కాబట్టి నమ్ముతోంది, అది నేను చెయ్యాల్సిన పని కాదు.

వచ్చే సోమవారం మీ దగ్గర ప్లానింగ్ స్కాన్‌కి, అంటే రేడియేషన్ మొదలుపెట్టే ముందు కొలతల కోసం తీసే స్కాన్‌కి, ఎవరెవరు ఉన్నారో ఆ జాబితా ఒకసారి తెప్పించుకోండి. 25 అని రాసి ఉన్న ప్రతి పేరు దగ్గరా ఆగి ఆ ఫైల్ మళ్ళీ తెరవండి. కారణం కనిపిస్తే ఆమెని పిలిచి చెప్పండి. కనిపించకపోతే స్కాన్‌కి ముందే ఆ అంకె మార్చండి.

ఇట్లు,
రోజూ తోడుగా వచ్చిన ఒక చెల్లెలు